లగ్నపత్రికకు వాకిలి మూసిన పురుషోత్తమ

ఉదయం సంధ్య వార్చుకొని, నుదుటి గంధం ఆరకముందే పురుషోత్తమ ఒక నిశ్చయానికి వచ్చాడు. చింతామణి పట్టు రైతుల సంఘంలో కంప్యూటర్ల బాధ్యత ఆయనది. ఈమెయిల్‌తో వచ్చిన ప్రతి ఫైలునూ సిబ్బంది ప్రసాదంలా కళ్ళకద్దుకొని తెరవడం, వైరస్ వచ్చి ఆఫీసు స్తంభించడం మామూలైపోయింది. చెప్పి చెప్పి ఆయన నోరు నొచ్చింది. ఇక ఏ ఫైలూ లోపలికి రాకుండా కట్టడి చేసి, పంపినవారికి దానంతటదే జవాబు వెళ్ళే ఏర్పాటు కూడా చేశాడు. మునులను గుమ్మంలో నిలిపిన ద్వారపాలకుల గతి ఏమైందో, పురాణాలు చదివిన ఆయనకు ఆ పూట గుర్తు రాలేదు.

కాసేపటికే అధ్యక్షుడు కృష్ణప్ప గది నుంచి కేక వినిపించింది.

"ఏమప్పా పురుషోత్తమా! బాగేపల్లి నుంచి మా వియ్యంకుడు గోపాలప్ప నా బిడ్డ లగ్నపత్రిక పంపిస్తే, 'ఇది అపాయకరము, తిరస్కరించడమైనది, మరల పంపవలదు' అని జవాబు పోయిండాదే! ఎవురు రాసింది?"

"ఎవురూ రాయలేదు సార్, మిషనే రాసింది."

"మిషన్‌కి నా బిడ్డ సంబంధంతో ఏం పని? ఆయప్ప పెండ్లే వద్దంటాండాడు. ఇది నిలిచిపోతే నీ ఉద్యోగమూ నిలిచిపోతాది!"

కట్టడి తొలగింది. కృష్ణప్ప ఫోన్‌లో ఎంత బతిమాలినా గోపాలప్ప "ఆలోచిస్తాలే" అన్నాడే తప్ప మెత్తబడలేదు. పురుషోత్తమ సిబ్బందిని కూర్చోబెట్టి, "ఏ ఫైలైనా తెరిచే ముందర పంపినోళ్ళకి ఫోన్ చేసి అడగండి, చాలు" అని పాఠం చెప్పాడు.

మధ్యాహ్నం గోపాలప్ప పేరుతో అందరికీ పెండ్లిపత్రిక వచ్చింది. అంతకాలం చెవికెక్కని పాఠం ఆనాడే ఎక్కింది. గుమాస్తా హేమావతి గోపాలప్పకు ఫోన్ చేసి మొదలుపెట్టింది: "అప్పా, పత్రిక నిజంగా మీరే పంపినారా?" ఆమె తరువాత పిళ్ళప్ప, సుమ, ఆంజనప్ప, వరుసగా అదే ప్రశ్న.

పురుషోత్తమ చేతులు జోడించాడు. "అమ్మా, ఆయప్ప ఇప్పుడిప్పుడే మెత్తబడి పత్రిక పంపిస్తే, మళ్ళీ కెలుకుతాండారే!"

"మీరే కదా సార్ అడగమంటిరి?"

ఇంతలో గోపాలప్పే కృష్ణప్పకు ఫోన్ చేశాడు. "మీ ఆఫీసులో ఎవురికీ పనీపాటా లేదా? పొద్దున లగ్నపత్రిక పంపింది నిజమే, పెండ్లిపత్రిక నేను యాడ పంపితి? అది ఇంకా అచ్చుకే ఇయ్యలేదే!"

ఎవరో ఆయన మెయిల్‌లో దూరి, ఆయన పేరుతో వైరస్ పంపారన్నమాట. సంగతి తెలిసి గోపాలప్ప చల్లబడ్డాడు. "నా పేరు చెడకుండా కాపాడినారు. ఇంత జాగర్త గల మనుషులతో సంబంధం ఎవురు వదులుకుంటారప్పా? ముహూర్తం అదే ఖాయం."

కృష్ణప్ప పొంగిపోయి, పురుషోత్తమ భుజం తట్టడానికి స్వయంగా ఆయన గదికి నడిచాడు. పురుషోత్తమ తెర నల్లబడిన తన కంప్యూటర్‌కు అడ్డంగా నిలబడి ఉన్నాడు. పెండ్లి గట్టెక్కిందన్న సంబరంలో ఆ పత్రికను ఆయన అందరికంటే ముందే తెరిచాడు.

ఆఫీసు మొత్తంలో గోపాలప్పకు ఫోన్ చేయనివాడు ఆయనొక్కడే.