రెండు పాల ప్యాకెట్లు

ఆ రోజు పొద్దున నర్సమ్మ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఫోనులో రెండు సందేశాలు పంపాలి. ఒకటి ఆరోగ్య కేంద్రం యాప్‌లో చేరిన మూడు వందల మందికి, రెండోది కట్టుకున్న మొగుడికి.

ఆ యాప్ గే, బైసెక్సువల్ మగవాళ్ల కోసం పెట్టింది. హెచ్ఐవీ సోకకుండా రోజూ వేసుకునే మాత్ర గురించి, పరీక్షల గురించి పేరు చెప్పకుండానే అందులో అడగవచ్చు. అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు కానీ గడప తొక్కేవాళ్లు లేరు. ఆరు నెలల్లో వచ్చింది నలుగురు. అందులో ఒకడు బస్టాపుకు దారి అడగడానికి వచ్చాడు. లాభం లేదు, మూసేద్దామన్నాడు పెద్ద డాక్టరు. సాయంత్రం స్వయంగా వచ్చి చూసి తేల్చేస్తానన్నాడు. ఆఖరి ప్రయత్నంగా ఒక సందేశం కూడా తనే రాసిచ్చాడు: "ఆరోగ్యవంతమైన జీవనమునకు పరీక్షయే తొలి సోపానము. తక్షణమే పరీక్ష చేయించుకొనుడు. వివరములు గోప్యముగా ఉంచబడును."

నర్సమ్మ దిగులు యాప్ గురించి కాదు, రేపయ్య గురించి. ఆ పేరు ఆవిడ పెట్టుకున్నదే. ఎప్పుడు రమ్మన్నా "రేపొస్తానండీ" అని రాస్తాడు. అలా పదకొండుసార్లు ఆ రేపు వచ్చి వెళ్లింది. భయంతో అన్నం సయించడం లేదని ఒకసారి రాశాడు. అసలు పేరు తెలియదు, నంబరు లేదు. యాప్ మూతపడితే ఆ మనిషి మళ్లీ దొరకడు.

ఆ ఆలోచనలోనే సందేశాలు పంపింది. పంపడం బాగానే పంపింది కానీ, మొగుడిది యాప్‌కి, యాప్‌ది మొగుడికి పంపింది.

మూడున్నరకు యాప్ తెరిస్తే నలభై జవాబులు! సంబరంగా మొదటిది చదివింది. "వెన్న తీసిన పాలా, తీయనివా మేడమ్?" దాని కింద ఇంకొకటి: "పాలపొడి పర్లేదా?" పైకి జరిపి చూస్తే తన సందేశం కనిపించింది. "నాలుగింటికి వచ్చేటప్పుడు రెండు పాల ప్యాకెట్లు పట్టుకురండి. మర్చిపోకండి. ఎదురుచూస్తుంటాను."

నర్సమ్మ నెత్తి కొట్టుకుంది.

నాలుగయ్యేసరికి గేటు దగ్గర క్యూ. అందరి చేతుల్లో పాలే. మొదటి ముగ్గురిని వాచ్‌మన్ అడిగితే "మేడమ్ తెమ్మన్నారు" అన్నారు. ఇదేదో కొత్త రూలని అతను తీర్మానించుకుని, అమలు చేయడం మొదలుపెట్టాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా!

"పాలు లేకపోతే లోపలికి లేదు సార్," అన్నాడు ఖాళీ చేతులతో వచ్చిన పెద్దమనిషితో.

"నేను పెద్ద డాక్టర్నయ్యా!"

"అయితే మీరు మూడు తేవాల్సింది సార్."

నర్సమ్మ పరుగెత్తుకొచ్చేసరికి ఆయన వెనకాల ఖాళీ చేతులతో ఇంకొకాయన నిలబడి ఉన్నాడు. సాక్షాత్తూ ఆవిడ మొగుడు.

"మీరెందుకు నిలబడ్డారండీ క్యూలో?"

"పరీక్ష చేయించుకోమన్నావుగా. ఇరవయ్యారేళ్లలో నువ్వు చెప్పిందాన్ని ఎందుకని అడిగానా?" అని గొంతు తగ్గించాడు. "వివరాలు గోప్యంగానే ఉంచుతావు కదా?"

పెద్ద డాక్టరు ముఖం కందగడ్డయింది. "ఏమిటీ పాల సంత? నేను రాసిచ్చింది పంపలేదా?"

"పంపానండీ. దానికి ఒకరొచ్చారు," అని నర్సమ్మ మొగుణ్ణి చూపించింది.

అప్పుడే క్యూ చివర నుంచి ఒక సన్నపాటి మనిషి ముందుకొచ్చాడు. చేతిలో రెండు ప్యాకెట్లు.

"నేనేనండీ... రేపొస్తానని రాస్తుంటానే..."

నర్సమ్మ అతని దగ్గరకు నడిచింది. "ఇవాళెలా వచ్చావు నాయనా?" అంది.

"ఇక్కడికి రావాలంటే అమ్మకేదో ఒక అబద్ధం చెప్పాలండీ. మా ఇంటి గడప దాకా వచ్చి నోరు పెగిలేది కాదు. ఇవాళ పాలకెళ్తున్నానని నిజమే చెప్పి వచ్చేశా." ప్యాకెట్లు నర్సమ్మ చేతిలో పెట్టాడు. "పరీక్ష చేయించుకోమని చాలామంది చెప్పారండీ. ఎదురుచూస్తుంటానని ఎవరూ అనలేదు."

పెద్ద డాక్టరు చొక్కా చేతులు మడిచి, పరీక్షల బల్ల దగ్గర తనే కూర్చున్నాడు.

రేపయ్య వేలి నుంచి రెండు చుక్కల రక్తం తీశారు. ఇరవై నిమిషాలు. తలుపు వేసి నర్సమ్మ ఫలితం చెప్పింది, సోకలేదని. అతను చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఒకవేళ సోకి ఉన్నా బతుకేం ఆగిపోదని, దానికీ మంచి మందులున్నాయని ఆవిడ నచ్చజెప్పింది. రోజూ వేసుకునే మాత్ర మొదలుపెట్టడానికి మిగతా పరీక్షలు రాసిచ్చింది.

"మళ్లీ ఎప్పుడొస్తావు?" అని భయపడుతూనే అడిగింది.

"రేపు అననండీ. తేదీ చెప్పండి, రాసుకుంటాను."

ఆ రోజు ముప్పై ఎనిమిది మంది పరీక్ష చేయించుకున్నారు, నర్సమ్మ మొగుడితో కలిపి. పాలన్నీ పక్కనున్న పిల్లల వార్డుకు వెళ్లాయి. యాప్ ఉంటుందని పెద్ద డాక్టరు చెప్పాడు. ఇకమీదట సందేశాలు నర్సమ్మే రాయాలన్నాడు.

స్కూటరు ఎక్కుతుంటే మొగుడు మెల్లగా అడిగాడు. "మరి మనింటికి పాలు?"

"రేపు," అంది నర్సమ్మ.