గడ్డం ఊడిన పేతురు

శనివారం పొద్దున్నే చర్చి గోడమీదున్న పేతురుగారి బొమ్మకు దుమ్ము దులిపి, పదింటికల్లా ఇల్లు చేరి నడుం వాల్చాలన్నది పెయింటర్ ఆలోచన. తడిగుడ్డకు కాస్త సబ్బు రాసి రుద్దాడు. దుమ్ముతోపాటు గడ్డం కూడా ఊడొచ్చింది.

అతని పైప్రాణాలు పైనే పోయాయి. అసలే అక్కడ అతనికి మంచిపేరు లేదు. మూడు నెలల క్రితం పాటల బృందం గదికి రంగులేసిన మర్నాడే ఆ గది తాళంచెవి మాయమైంది. అందరూ అతన్నే వేలెత్తి చూపారు. అప్పట్నుంచీ బృందం మెట్లకిందే సాధన చేస్తోంది. ఆ బృందాన్ని నడిపేది స్వయానా అతని భార్య. "ఎక్కడ పారేశారో కాస్త గుర్తు తెచ్చుకోండి" అని ఆవిడ రోజూ అన్నంతోపాటు వడ్డిస్తోంది.

గడ్డం మళ్లీ వేద్దామంటే పాత రంగు కుదరలేదు. ఎలా వేసినా మేకతోకలా వేలాడింది. విసిగిపోయి గడ్డం మానేసి, నున్నటి బుగ్గలు వేసేశాడు. వేస్తున్నంతసేపూ తన కళ్లు కిటికీ అవతల రొట్టెలు సర్దుతున్న బేకరీ బాబాయ్ మీదే ఉన్నాయని, నిచ్చెన దిగి చూశాక గానీ తెలియలేదు. గోడమీద సాక్షాత్తూ బాబాయే, చేతిలో పేతురుగారి తాళంచెవుల గుత్తితో నిలబడ్డాడు. దిద్దడానికి రంగు మిగల్లేదు.

ఆదివారం పూజలో చదివిన సువిశేషం, ప్రభువు పేతురుకు తాళంచెవులు అప్పగించే ఘట్టం. ఫాదర్ ప్రసంగిస్తూ, వెనక్కి తిరగకుండానే బొమ్మవైపు చెయ్యి చాపారు.

"తాళంచెవులు ఎవరి చేతిలో ఉన్నాయో బాగా చూడండి."

అందరూ చూశారు. తర్వాత మూడో వరుసలో కూర్చున్న బాబాయ్‌ని చూశారు. మళ్లీ బొమ్మను చూశారు. పెయింటర్ మెల్లగా స్తంభం చాటుకు జరిగాడు.

బాబాయ్ చెమటలు కక్కుతూ లేచాడు. "సరే ఫాదర్, నా దగ్గరే ఉంది. షాపు కారుతోందని నాలుగు పిండిబస్తాలు ఆ గదిలో పెట్టుకున్నా. వానలు తగ్గాక ఇచ్చేద్దామనుకున్నా. దానికి ఇలా గోడకెక్కిస్తారా?"

ఫాదర్ అప్పుడు వెనక్కి తిరిగి చూశారు. చాలాసేపు చూశారు.

పూజ అయ్యాక భార్య స్తంభం దగ్గరికొచ్చింది. "దొంగెవరో తెలిసి కూడా మూడు నెలలు నా మాటలు పడ్డారా? నాకైనా చెప్పొచ్చు కదండీ."

"చెబితే నమ్మేదానివా?" అన్నాడు పెయింటర్, గంభీరంగా.

ప్రభువును పట్టిచ్చిన యూదా బొమ్మ కూడా అతనే బాగుచేస్తాడని ఫాదర్ ప్రకటించారు. ఆ వారమంతా వీధిలో పెయింటర్‌కు నమస్కారం పెట్టని మనిషి లేడు.