తిహోమిర్ మేస్త్రీ ఇక రాడు

మా పీరోత్ ఊళ్లో వాషింగ్ మెషీను ఆగితే అందరూ తిహోమిర్ మేస్త్రీనే పిలుస్తారు. ఆయనకు ఎంత ఇవ్వాలో మాత్రం ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆయన ఎప్పుడూ అడగలేదు. ఫ్రిజ్ వెనకాల దూరి చాలాసేపు తంటాలు పడి, చేతులు తుడుచుకుంటూ లేచి, "ఏం లేదు, చిన్న వైరు ఊడింది," అనేవాడు. చిన్న వైరుకు డబ్బేమిటని ఇంటివాళ్లు కాఫీ ఇచ్చి పంపేవారు. జేబులోకి వెళ్లిన చెయ్యి తొందరగా బయటికి రావడం మా ఊళ్లో మొదటినుంచీ లేదు.

చివరికి తిహోమిర్ విసిగిపోయి టైర్ల ఫ్యాక్టరీలో కాపలా ఉద్యోగం అడిగి వచ్చాడు. వచ్చే నెలలో చేరమన్నారు. ఆ మాట విన్న భార్య వెరిత్సాకు ఒళ్లు మండింది.

"గేటు ముందు కూర్చోవడానికా ఇన్నాళ్లూ చేతులు కాల్చుకున్నావు? ఇకనుంచి ఎవరింటికైనా వెళ్లి చూస్తే పదిహేను వందల దీనార్లు తీసుకో. రిపేరు చేయించుకుంటే బిల్లులో తగ్గిద్దాం. చేసిన పనికి ఆర్నెల్లు గ్యారంటీ. ఇందులో సిగ్గుపడాల్సిందేముంది?"

"బాగానే ఉంది. కానీ వాళ్ల మొహం చూసి ఎలా చెప్పను?"

"నువ్వు చెప్పొద్దు. కాగితం వేయించి స్తంభాలకి అంటిస్తా."

మర్నాడు చీకటితోనే తిహోమిర్ వ్యానేసుకుని కొండమీది పల్లెకు, చీజ్ చేసేవాళ్ల పాల కూలరు బాగుచేయడానికి వెళ్లాడు. అక్కడ ఫోన్లు పలకవు. వెరిత్సా పెరట్లో పొయ్యి రాజేసి, చలికాలం పచ్చడికి ఎర్ర బుట్టమిరపకాయలు కాల్చసాగింది. పొగకు కళ్లు ఎర్రబడ్డాయి, గొంతు పూడుకుపోయింది. ఆ గొంతుతోనే ప్రెస్సు నడిపే జివ్కోకు ఫోన్ చేసింది. జివ్కో పెళ్లి కార్డులూ వేస్తాడు గానీ, అతనికి అన్నం పెట్టేది ఎవరైనా పోతే స్తంభాలకు అంటించే చావు కాగితాలే.

"జివ్కో, తిహోమిర్ గురించి ఒక కాగితం వేయాలి."

జివ్కో అచ్చు యంత్రం ఆపేశాడు. "తిహోమిరా? మొన్నేగా చూశాను. ఏం జరిగింది వదినా?"

"ఏముంది, ఇన్నేళ్లు ఓర్చుకున్నాడు. ఇక ఆయనవల్ల కాలేదు."

"ఏమని రాయమంటావు?"

"ఉన్నదున్నట్టే రాయి. ఇన్నాళ్లూ అందరికీ ఊరికే చేసిపెట్టాడు, ఇకమీదట అలా రాడు అని."

"ఫొటో?"

"పెట్టు. విజిటింగ్ కార్డుల కోసం ఇచ్చింది నీ దగ్గరే ఉందిగా."

"నలుపేనా?"

"నలుపు కాక? రంగులకి డబ్బెక్కడిది?"

"జనం ఎప్పుడు రావచ్చు?"

"ఎనిమిదినుంచి రెండుదాకా. ఆదివారాలు తప్ప. రేటు సంగతి వచ్చినవాళ్లకి నేనే చెప్తా," అంటూ వెరిత్సా దగ్గు అందుకుంది. ఆఖరి మాటల్లో జివ్కోకు దగ్గు తప్ప ఏమీ వినబడలేదు. ఆదివారాల మాట కాస్త వింతగానే తోచింది గానీ, ఏడుస్తున్న మనిషిని గుచ్చిగుచ్చి అడగడం అతని వృత్తిలో లేదు.

అలాంటి కాగితాలు ఆలస్యం చేయకూడదు గనక చకచకా అచ్చు వేశాడు. పైన శిలువ, చుట్టూ నల్లటి అంచు, మధ్యలో తిహోమిర్ మొహమాటపు నవ్వు. కింద, "ఇన్నేళ్లూ ప్రతిఫలం కోరకుండా అందరికీ సేవ చేసిన తిహోమిర్ మేస్త్రీ ఇకమీదట మన మధ్యకు రాడు." మార్కెట్టునుంచి వంతెనదాకా ఒక్క స్తంభం వదలకుండా తనే అంటించాడు.

అందరికంటే ముందు పక్కవీధి రుమెనా బామ్మ పలకరించడానికి కాఫీపొడి పొట్లంతో వచ్చింది. తలుపు తీసిన వెరిత్సా నల్ల ఏప్రన్, వాచిన కళ్లు చూసి గట్టిగా కౌగిలించుకుంది.

"కాగితం చూశాను తల్లీ."

డబ్బు కట్టాలన్న కబురు విని కాఫీపొడి తెచ్చినవాళ్లను వెరిత్సా అంతవరకూ చూడలేదు. "మీరింత మంచిగా తీసుకుంటారనుకోలేదు బామ్మా," అంది.

"తీసుకోక ఏం చేస్తాం? ఎప్పుడో ఒకప్పుడు తప్పదుగా."

"అదే నేనూ అన్నాను. అసలు పదేళ్ల కిందటే అయిపోవాల్సింది. ఇప్పటికి నా ప్రాణం హాయిగా ఉంది."

బామ్మ కౌగిలి మెల్లగా సడలింది.

చూస్తుండగానే పెరడు నిండింది. వచ్చినవాళ్లకు వెరిత్సా కాఫీ పోసి, బ్రెడ్డు మీద కాల్చిన మిరపకాయలు పెట్టింది. బేకరీ పెత్రోనియె భార్యతో, బావమరిదితో వచ్చి, బ్రాందీ సీసా బల్లమీద పెట్టి కళ్లు తుడుచుకున్నాడు.

"నా పిండి కలిపే మెషీను ఆగితే కంపెనీవాళ్లు నీశ్ పట్నంనుంచి వచ్చారు. లోపలికి తొంగిచూసినందుకే ఆరువేలు తీసుకుని కొత్తది కొనుక్కోమన్నారు. తిహోమిర్ వచ్చి కాసేపట్లో తిప్పేశాడు. నేనేమిచ్చాను? రెండు బ్రెడ్లు. రెండువేలు అడిగినా ఇచ్చేవాణ్ణి."

"మేమూ ఇచ్చేవాళ్లం," అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. ఇక అడగలేని మనిషికి ఎంతైనా ఇస్తామనడానికి ఖర్చు లేదు.

వెరిత్సా మనసు నిండిపోయింది. "రెండువేలెందుకు, పదిహేను వందలు చాలు. గడప దాటితే పదిహేను వందలు, అంతే."

అందరూ తాము దాటి వచ్చిన గడప వైపు చూశారు. పెత్రోనియె తనవెంట వచ్చినవాళ్లను లెక్కపెట్టుకున్నాడు.

రుమెనా బామ్మ ధైర్యం చేసి అడిగింది. "ఒక్కసారి చూసి పోతానమ్మా. లోపలున్నాడా?"

"లేడు. కొండమీదికి వెళ్లాడు. భోజనానికి వచ్చేస్తాడు."

బామ్మ బ్రాందీ గ్లాసు అందుకుని ఒక్క గుక్కలో తాగేసింది. "పాపం, మతి పోయింది. డాక్టర్ని పిలవండిరా," అన్నారెవరో వెనకనుంచి.

సరిగ్గా అప్పుడే వ్యాను వచ్చి ఆగింది. గేటు దగ్గర నల్లబట్టల జనం తిహోమిర్ కంటబడ్డారు. తను బతికే ఉన్నాడు గనక, పోయింది వెరిత్సాయే అయి ఉండాలి. సామాన్ల పెట్టె అక్కడే వదిలేసి, జనాన్ని తోసుకుంటూ పెరట్లోకి పరుగెత్తాడు. మిరపకాయ తొక్క తీస్తూ భార్య కనబడింది. ఏమీ అడగకుండా ఆమెను పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

జనం గబగబా శిలువ గుర్తు వేసుకున్నారు. పెత్రోనియె వచ్చి మేస్త్రీ భుజం రెండుసార్లు పొడిచి చూశాడు. రుమెనా బామ్మ జేబులోంచి కాగితం తీసి వెరిత్సా చేతిలో పెట్టింది. వెరిత్సా చదివి, జనంతోపాటు వచ్చి నిలబడ్డ జివ్కో వైపు తిరిగింది.

"నువ్వు చెప్పినట్టే వేశాను వదినా," అన్నాడు జివ్కో, నేల చూపులు చూస్తూ.

సంగతంతా బయటపడ్డాక పెత్రోనియెకు కోపం వచ్చింది. టోపీ పెట్టుకుని, "పనిమాని వచ్చి ఏడ్చాం. చాలు, పదండి," అన్నాడు.

"ఆగు," అంది రుమెనా బామ్మ. "మేస్త్రీకి రెండువేలు ఇస్తానన్నావు. అందరం విన్నాం."

"అది పోయినవాడికి."

అందరి చూపూ తిహోమిర్ మీద పడింది. ఆయన చెవులు మిరపకాయల్లా ఎర్రబడ్డాయి. ఇన్నేళ్లలో ఎన్నడూ నోట రాని అంకె గొంతుదాకా వచ్చి ఆగింది. భార్య చెయ్యి ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"బతికున్నవాడికి పదిహేను వందలే," అన్నాడు.

మొదట నవ్వింది బామ్మే. తరవాత పెరడంతా నవ్వింది. పెత్రోనియె టోపీ తీసి మళ్లీ కూర్చున్నాడు. వెళ్లేటప్పుడు మాత్రం చాలామంది తమ కాఫీపొడి పొట్లాలు తాము వెనక్కి తీసుకున్నారు. పోయినవాడికి తెచ్చింది బతికున్నవాడు తాగకూడదట.

సోమవారం బేకరీలో పిండి మెషీను ఆగింది. తిహోమిర్ వెళ్లేసరికే డబ్బు గల్లాపెట్టె మీద పెట్టి ఉంది. ఊళ్లో తక్కిన ఇద్దరు మేస్త్రీలూ, తిహోమిర్ ఊరికే వెళ్తుంటే తామెలా అడుగుతామని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నవాళ్లు, అదే రేటు పెట్టారు. పిలుపులు తగ్గుతాయని ముగ్గురూ భయపడ్డారు గానీ తగ్గలేదు. డబ్బిచ్చి పిలిచాక, ఇంట్లో ఇంకేం చెడిపోయాయో కూడా జనం వెతికి పెడుతున్నారు. తిహోమిర్ ఫ్యాక్టరీకి వెళ్లి, కాపలాకు ఇంకొకర్ని చూసుకోమని చెప్పి వచ్చాడు.

జివ్కో కూడా ఒక నియమం పెట్టుకున్నాడు. ఎవరి చావు కాగితమైనా సరే, ఆ మనిషి స్వయంగా వచ్చి చెబితేనే అచ్చు వేస్తాడట.