అమావాస్యనాటి నల్లా

ఆ పొద్దున బాబురావు పెట్టుకున్న పని చిన్నదే. జహనుమాలో తాను కిరాయికుంటున్న ఇంట్లో, నాలుగు వాటాలకూ కలిపి ఉన్న బాత్రూంలో, తెల్ల బేసిన్ మీద పడిన తుప్పు మరక వదిలించాలి. బస్సు డిపోలో ఫిట్టరు కదా, పాత సామాన్లలో ఓ ఇనుప నల్లా ఏరి తెచ్చి బిగించింది తనే. అది ఆర్నెల్లలో బేసిన్ మీద ఎర్రగా చార గీసింది. ఇంటామె ఆండాలమ్మకు ఆ బేసినంటే ప్రాణం. "రేపు పొద్దుమీకేదాంక చూస్త. మరక పోకుంటే ఇల్లు ఖాళీ చెయ్" అని నిన్ననే తేల్చేసింది. భార్య కళావతికి ఎనిమిదో నెల. ఈ స్థితిలో సామాను నెత్తిన పెట్టుకుని ఏ గల్లీకని పోతాడు?

నాలుగు నిమ్మకాయలు కోసి, ఉప్పు అద్ది, నల్లాకూ మరకకూ రుద్దాడు. రసం కారిపోకుండా ఆ చెక్కలను అక్కడే పెట్టి, చేతికందిన ఎర్రగుడ్డతో నల్లాకూ బేసిన్‌కూ కలిపి గట్టిగా కట్టేశాడు. రెండు గంటలు నానాక కడుగుదామనుకుని, కళావతిని కాన్పుల దవాఖానలో చూపించుకురావడానికి రిక్షా ఎక్కించాడు. ఆ రోజు అమావాస్యన్న సంగతి ఆయనకు గుర్తే లేదు.

పక్క వాటాలో ఉండే సక్కుబాయికి మాత్రం గుర్తుంది. బాత్రూంలోకి వెళ్లినామె చెంబు అక్కడే పారేసి బయటపడింది.

"ఓ ఆండాలక్కా! ఎవరో మంత్రం చేసిండ్రే! నిమ్మకాయలు, ఉప్పు, ఎర్రగుడ్డ... కడుపుతోనున్న పోరి మీదనే చేసినట్టున్నరు!"

వార్త నాలుగు వాటాల్లోనూ గుప్పుమంది. ఆ పూట ఎవరూ స్నానాలకు పోలేదు. పాలు పోయడానికొచ్చిన పెంటయ్య, మంత్రాలు తీసే బీరయ్యను మొఘల్‌పురా నుంచి తీసుకొస్తానని సైకిలెక్కాడు.

బాబురావు దంపతులు తిరిగొచ్చేసరికి ఆండాలమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. సామాను అప్పుడే బయట పెట్టేసిందేమోనని బాబురావు వాకిలంతా వెతికి చూశాడు.

"ఆడనే ఆగు బిడ్డా! లోపటికి రాకు!" అంటూ ఆమె కళావతికి దిష్టి తీసి, వాకిట్లో వేసిన తన మంచం మీదే కూర్చోబెట్టింది. "ఫికర్ చెయ్యకు. నేనుండంగ నిన్ను ఎవడేం చేస్తడు? గీ పని చేసినోడు దొరకనీ, చీపురు తిరగేస్త!"

చేసినోడు రెండడుగులు వెనక్కి వేశాడు. గుట్టుగా ఊరుకుందామనే అనుకున్నాడు. కానీ ఆండాలమ్మ కళ్లలో నీళ్లు చూశాక నోరు ఆగలేదు.

"అమ్మా... అది మంత్రం గాదు. చిలుం పోతదని నేనే కట్టిన."

ఆండాలమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. విసవిసా వెళ్లి గుడ్డ విప్పి, చెంబెడు నీళ్లు కొట్టింది. భయంతో ఎవరూ ముట్టకపోవడం వల్ల రసం బాగా పట్టింది. మరక ఆనవాలైనా లేదు.

"ఇగ ఖాళీ చెయ్యమంటరా అమ్మా?" అన్నాడు బాబురావు బిక్కమొహంతో.

"పిచ్చోడా! కడుపుతోనున్న పోరిని ఎల్లగొడ్తనా? గట్లనకుంటే నువ్వు పని చెయ్యవని అన్న. కాన్పు గీడనే కావాలె, పథ్యం నేనే వండి పెడ్త."

బాబురావు ఆమె కాళ్లకు మొక్కాడు. తిట్ల వెనకాల ఇంత తల్లి మనసుందని ఇన్నాళ్లూ తెలుసుకోనందుకు సిగ్గుపడ్డాడు. లొల్లి లేపిన సక్కుబాయికి కూడా లోలోపలే దండం పెట్టుకున్నాడు.

అప్పుడు దిగాడు బీరయ్య. తళతళలాడే బేసిన్ చూసి, మంత్రం దారిలోనే చదివేశానని చెప్పి, రెండు కప్పుల చాయ్ తాగి వెళ్లాడు.