గోడాదరా నాలుగో గల్లీ కేశరక్షణ సంఘం

సూరత్‌లోని గోడాదరా నాలుగో గల్లీ తెలుగువారికి ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఇకమీదట మన గల్లీలో ఏ ఆడకూతురి నెత్తి మీదా హానికరమైన పదార్థం ఒక్క చుక్క కూడా పడబోదు. ఈ మేరకు కేశరక్షణ సంఘం ఏర్పడింది, తీర్మానం అయింది, చప్పట్లు కూడా అయిపోయాయి.

కొంచెం వెనక్కి వెళ్లాలి. 2021లో కరోనా రెండోసారి వచ్చినప్పుడు గల్లీలో ఇంటికొకరు మంచం పట్టారు. ప్రాణం దక్కిందని మొక్కులు చెల్లించేలోపే, జూలైలో జుట్టు రాలడం మొదలైంది. అందరికంటే ఎక్కువ నష్టపోయింది విజయరాణి. అంతకుముందు గల్లీలో ఎవరింటికి దారి చెప్పాలన్నా పొడుగు జడ విజయరాణి ఇంటి నుంచి లెక్కపెట్టేవారు. ఇప్పుడు దారులన్నీ తప్పిపోతున్నాయి.

ఆమె భర్త పరమేశ్వర్ సూరత్ శివార్లలో సచిన్ అనే చోట, చీరలకు రంగులద్దే ఒక మిల్లులో పనిచేస్తాడు. రంగులు కలిపే గదిని అక్కడ కలర్ కిచెన్ అంటారు. అందులో ఆయన డ్రమ్ములు వంచి, మందులు పోసి, ఉత్త చేతులతో కలుపుతాడు. అరచేతులు పగిలి పిడికిలి మూసుకోదు. ఉగాది నుంచి అన్నం చెంచాతో తింటున్నాడు. కరోనా కాలంలో ఇంత శుభ్రత పాటిస్తున్నందుకు గల్లీ ఆయన్ని మెచ్చుకుంది. మిల్లులో గ్లౌజులు అడిగిన ఇద్దరిని ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోమన్నారు. ఆ విశ్రాంతి ఇంకా పూర్తి కాలేదు. అందుకే పరమేశ్వర్ అడగలేదు. భార్య చెయ్యెత్తలేనంత నీరసంగా ఉన్న రోజుల్లో ఆ చేతులతోనే ఆమెకు తల దువ్వాడు.

తల్లి బాధ చూడలేక కూతురు హారతి ఫోన్లో హెయిర్ మాస్క్ తెప్పించింది. జుట్టుకు పట్టించి అరగంట ఉంచి కడిగేసే ముద్ద అది. పక్కింటి ఎల్లవ్వ ఆ ప్యాకెట్టును వాసన చూసి, "మంచిదో చెడ్డదో తెల్వకుండ నెత్తికెట్ల పెడ్తరే?" అన్నది. ఆ ఒక్క ప్రశ్నకు సాయంత్రానికల్లా సంఘం పుట్టింది. అధ్యక్షుడు రఘుపతి. మగ్గాల దగ్గర మాస్టర్‌గా చేసి దిగిపోయినవాడు. నెత్తిన ఒక్క వెంట్రుక లేదు గనుక నిష్పక్షపాతంగా ఉంటాడని అందరూ ఒప్పుకున్నారు.

నేతగాళ్లం గదా, పోగు తీసి కాల్చి చూడనిదే బట్టను నమ్మం. విజయరాణి దువ్వెనలో వెంట్రుకలు తీసి ముందు వాటిని కాల్చారు. సరుకు స్వచ్ఛమైనదనీ, పాలిస్టర్ కలవలేదనీ అధ్యక్షుడు ధ్రువీకరించాడు. తర్వాత ఒక్కో వెంట్రుకకు బాబిన్, అంటే దారపు కండె, వేలాడదీసి బలం చూశారు. ఆపైన ఎల్లవ్వ మందుల్లేని మాస్క్ ఒకటి సూచించింది. పడుగుకు గంజి పెడితేనే పోగు తెగదు, జుట్టు మాత్రం పోగు కాదా అని ఆమె వాదన. విజయరాణి నెత్తికి బియ్యపు గంజి పట్టించి, పడుగును తీసినట్టే కుంచెతో సాపుగా తీసి, డాబా మీద ఎండబెట్టారు. మధ్యాహ్నానికి జడ కర్రలా బిగుసుకుని అడ్డంగా నిలబడింది. ఆమె గుమ్మంలోంచి పక్కకు తిరిగి దూరాల్సి వచ్చింది. సాయంత్రం వాన కురిసి గంజి కరిగింది. పోగు తెగలేదు కనుక ప్రయోగం విజయవంతం అని రాసుకున్నారు.

ఇక ప్యాకెట్టు వంతు. సభ కూడింది. "సూరత్‌ల మన తెలుగోళ్ల పరువంత మన ఆడబిడ్డల జడల మీదనే నిలబడి ఉన్నది," అని రఘుపతి ఉపన్యాసం మొదలుపెట్టి, ఆ పరువు మీద ముప్పావుగంట నిలబడ్డాడు. తర్వాత హారతి ప్యాకెట్టు వెనక ఉన్న చీమతలకాయంత అక్షరాలు చదవసాగింది. ఫార్మాల్డిహైడ్ అన్న మాట దగ్గర, గుమ్మం పక్కన కూచున్న పరమేశ్వర్ తలెత్తాడు.

"గిది మా దగ్గర డ్రమ్ములల్ల ఉంటది బిడ్డా. రోజు నేనే పోస్త."

సభ సంతోషానికి హద్దు లేదు. గల్లీలోనే ఇంత పెద్ద నిపుణుణ్ని పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నామే అని నొచ్చుకున్నారు. ఆయనను సాంకేతిక సలహాదారుగా ప్రకటించి కుర్చీ వేశారు.

"ఇది తాకితే ఏమైతది?" అని అధ్యక్షుడు అడిగాడు.

"జుట్టు సంగతి నాకు తెల్వది మాస్టర్ సాబ్. చేతులు పలుగుతయ్. కండ్లు మండుతయ్. జర దగ్గు లేస్తది."

సభ వణికిపోయింది. "గంత ఇసాన్ని నెత్తికెట్ల పెడ్తరమ్మా," అని ఎల్లవ్వ గుండెలు బాదుకున్నది. ప్యాకెట్టును ఏకగ్రీవంగా నిషేధించారు. దాని స్థానంలో కలబంద, కొబ్బరి తప్ప మరే పాపమూ ఎరగని ఇంకో మాస్క్‌ను ఎంపిక చేసి తెప్పించారు. చేతికి జిడ్డు అంటకుండా ఒక జత పల్చటి గ్లౌజులు కూడా దానితో వచ్చాయి. అది అందిన రోజు మళ్లీ కూడిన సభలో చివరి తీర్మానం ఇది: సాంకేతిక సలహాదారు చేతులు విషపదార్థాలు తాకినవి గనుక, ఆయన ఇకపై భార్య జుట్టుకు ఆరడుగుల దూరం పాటించవలెను.

విజయరాణి లేచి నిలబడింది. "నా జుట్టు సంగతి సరే పెద్దబాపూ, ఆయన చేతుల సంగతేంది?"

రఘుపతి తీర్మానాల పుస్తకం తిరగేశాడు. "చేతులు మన పరిధిలకు రావు బిడ్డా. ఇది కేశరక్షణ సంఘం."

విజయరాణి కొత్త ప్యాకెట్టు కత్తిరించింది. మాస్క్ అంతా మొగుడి రెండరచేతులకు దట్టంగా పట్టించి, పైన గ్లౌజులు తొడిగింది. హారతి ఫోన్లో అరగంటకు అలారం పెట్టింది. కడిగాక పరమేశ్వర్ మెల్లగా పిడికిలి ముడిచాడు. పూర్తిగా కాదు గానీ ముద్ద కలిపేంత ముడుచుకున్నది. ఆ పూట చెంచా గిన్నెలోనే ఉండిపోయింది. విజయరాణి కళ్లు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది, దాచడమెందుకు.

మర్నాడు సంఘం ఆమెకు నోటీసు ఇచ్చింది. జుట్టుకు ఉద్దేశించిన మెత్తని పదార్థాన్ని చేతుల మీద దుర్వినియోగం చేయడం నేరం. ప్యాకెట్టు మీద చేతులకు అని ఎక్కడా రాసి లేదు. ఆ గ్లౌజులు టిఫిన్ డబ్బాతో పాటు సచిన్ వెళ్లాయి. డ్రమ్ముల్లోని మందులకు చిల్లులు పడి మధ్యాహ్నం దాకా కూడా ఆగలేదు.

పాఠకులు కూడా జాగ్రత్తగా ఉండాలి. నెత్తికి ఏది పూసుకున్నా ప్యాకెట్టు వెనక్కి తిప్పి, కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో పేరూ చదవండి. ఒంటి మీది సూరత్ చీరను మాత్రం తిప్పి చూడనక్కర్లేదు. దాని వెనక ఎవరి చేతుల సంగతీ రాసి ఉండదు. నిశ్చింతగా కట్టుకోవచ్చు.