ఎవరి గడి వారిదే

యావన్మంది క్రీడాభిమానులకు సంతోషంతో తెలియజేయడమేమనగా, మన వీధి వాలీబాల్ క్లబ్బు పుట్టిన మూడు వారాల్లోనే ఒక అధ్యక్షుణ్ణి, ఒక ఉపాధ్యక్షుణ్ణి, కార్యదర్శిని, సహాయ కార్యదర్శిని, ప్రచార కార్యదర్శిని, గౌరవ సలహాదారుణ్ణి, గుండ్రటి రబ్బరు స్టాంపును సమకూర్చుకుంది. గుండ్రటి వస్తువుల్లో ఇక రావలసింది బంతి ఒక్కటే.

తప్పంతా టైలరుది. సందు మొదట్లో ఆరడుగుల గదిలో కుట్టుమిషను ముందు కూర్చుంటే పొద్దున్నించి సాయంత్రం దాకా అతని కాళ్లు ఆడుతూనే ఉంటాయి, మనిషి మాత్రం అంగుళం కదలడు. నలభై ఆరేళ్లొచ్చాయి. బడిలో చదివేటప్పుడు వాలీబాల్ జట్టులో రెండేళ్లున్నాడు. ఆ రెండేళ్లూ బల్ల మీద, నీళ్ల సీసా పక్కన ఇంకో సీసాలా కూర్చున్నాడు. సీసాకైనా మధ్యమధ్యలో పిలుపొచ్చేది, అతనికి రాలేదు. ఆ తర్వాత లెక్కలేనన్ని ప్యాంట్లు కుట్టాడు గానీ ఒక్క పాయింటు సాధించలేదు. చచ్చేలోపు ఒక్క అసలైన ఆట ఆడాలన్నది అతని కోరిక. ఎంత చిన్న కోరికో చూశారా! పెద్ద కోరికలున్నవాళ్లంతా వెంటనే వచ్చి చేరారు.

దుకాణం వెనక, పాత గోడౌను పక్కన ఖాళీ స్థలం ఉంది. దాన్ని క్లబ్బుకి ఇవ్వమని టైలరు పట్టణ కార్యాలయంలో అర్జీ పెట్టుకున్నాడు. అధికారి కళ్లజోడు పైకెత్తి చూశాడు.

"పాలకేంద్రంలో పనిచేసే ఆడవాళ్లూ ఇదే స్థలం అడుగుతున్నారయ్యా. మీ ఇద్దరికీ పోటీ పెడతాం. మూడు సెట్లు. మీరు ఒక్క సెట్టు గెలిచినా చాలు, సాయంత్రాలు మీవి, పొద్దుటిపూట వాళ్లది. ఒక్కటీ గెలవకపోతే రెండు పూటలూ వాళ్లదే. మళ్లీ నా దగ్గరికి రాకూడదు."

ఒక్క సెట్టు! టైలరు ఇంటికి నడిచి రాలేదు, ఎగురుతూ వచ్చాడు. చాన్నాళ్లపాటు అతను చేసిన సాధన అదొక్కటేనని తర్వాత తేలింది.

ఎందుకంటే ఆ సాయంత్రమే క్లబ్బు తొలి సమావేశం జరిగింది. అధ్యక్షుడిగా టైలరు బావగారు, అంటే అతని భార్యకి అన్నయ్య, ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. ఏకగ్రీవం అంటే ఆయన ఒక్కరి గ్రీవమే నిటారుగా ఉంది, మిగతావాళ్లు టీ కప్పుల్లోకి చూస్తున్నారు. ఆయన రికార్డుల ఆఫీసులో హెడ్ గుమాస్తాగా చేసి దిగిపోయారు. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. ఉపాధ్యక్షుడు ఎలక్ట్రీషియన్. వీధి దీపం బాగుచేయడానికి నిచ్చెన అక్కర్లేని మనిషి గనక అందరూ అతణ్ణే నిచ్చెన అంటారు. మంగలిది సహాయ కార్యదర్శి పదవి. బేకరీ యజమాని ప్రచారం చూస్తాడు, లెక్కల మాస్టారు సలహాలిస్తాడు. టైలరుకి, ఆలోచన అతనిదే గనక, "వ్యవస్థాపక కార్యదర్శి" అన్నారు. అతను ముందు సిగ్గుపడ్డాడు. తర్వాత ఆ మాట ఇంకోసారి అనమన్నాడు.

బంతి రాకముందే పంతాలొచ్చాయి. చొక్కాల మీద ఒకటో నంబరు తనకే కావాలని ఆరుగురూ పట్టుపట్టారు. బావగారు ఆఫీసు అనుభవంతో పరిష్కరించారు: ఒకటి, ఒకటి-ఎ, ఒకటి-బి... అలా ఒకటి-ఇ దాకా. ఒకే ఇంటి గుమ్మాల్లా ఆరుగురు తయారయ్యారు. పోటీ కోసం ఆ ఖాళీ స్థలంలోనే నెట్టు కట్టడానికి రెండు స్తంభాలు కావలసి వచ్చింది. క్లబ్బుకి మూలస్తంభాలం మేమేనని ఆరుగురూ ముందుకొచ్చారు గానీ పాతడానికి మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి టైలరు, అతని భార్య గడ్డపారతో రెండు గోతులు తవ్వారు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. టైలరు దాచుకున్న మంచి కత్తెరతో రిబ్బను కత్తిరించి, దాని పదును పోగొట్టి, బావగారు మైకు అందుకున్నారు.

"సోదరులారా! బంతి గుండ్రంగా ఉంటుంది. దానికి మొదలూ లేదు, చివరా లేదు. మన క్రమశిక్షణ కూడా అలాగే ఉండాలి. గాలి నిండినంతకాలమే బంతి ఎగురుతుంది. మన సంస్థలో గాలికి ఏనాడూ లోటు రాదని ఈ సందర్భంగా హామీ ఇస్తున్నాను!"

గంటన్నర ఇచ్చారు హామీ. కొత్త బంతి అంతసేపు వినలేక మెల్లిగా గాలి వదిలేసి బల్ల మీద కుంగిపోయింది. సభలో మనస్ఫూర్తిగా స్పందించింది అదొక్కటే.

మర్నాడు బావగారు తెల్లరంగు డబ్బా తెప్పించి, కోర్టులో మన వైపు సగాన్ని ఆరు గళ్లు చేయించి, ఒక్కో గడిలో ఒక్కో పదవి అందంగా రాయించారు. ముందు వరస మధ్యలో, నెట్టుకి ఆనుకుని, "అధ్యక్షులు". అక్కడ నిలబడితే అవతలివాళ్లకి ఆయన కనబడరు, ఆయనకి నెట్టు తప్ప ఏమీ కనబడదు. అయినా హోదా హోదాయే. ఆయన కుడిపక్క గడి ఉపాధ్యక్షుడిది. దాని వెనక, సర్వీసు చేసే మూల, టైలరుది. టైలరు పక్కన సహాయ కార్యదర్శి. మిగిలిన రెండూ మిగిలిన ఇద్దరికి.

టైలరు గొంతు సవరించుకున్నాడు.

"బావగారూ, ఈ ఆటలో చోట్లు మారాలండీ. అవతలివాళ్ల సర్వీసు మనం గెలుచుకున్నప్పుడల్లా అందరూ తలో గడి పక్కకి జరగాలి. నియమం."

"బావా, ముప్ఫై ఏళ్ల సర్వీసులో నేను కుర్చీ మారలేదు. ఇప్పుడు సర్వీసు కోసం మారమంటావా? ఏదీ, ఆ పుస్తకం ఇలా తే."

నియమాల పుస్తకాన్ని ఆయన మూడు రోజులు చదివారు. నాలుగో రోజు ముఖం వెలిగిపోతూ వచ్చారు.

"దొరికింది! అవతలివాళ్ల దగ్గర్నుంచి సర్వీసు లాక్కుంటేనే జరగాలి. లాక్కోకపోతే అక్కర్లేదు."

"లాక్కోకపోతే ఓడిపోతాం కదండీ!"

"ఓడిపోవడం వేరు, చోటు పోవడం వేరు. అంత బెంగగా ఉంటే ఓ పని చెయ్. సర్వీసు మనకి ముందుగా వచ్చిన సెట్టులో, ఆ మూల నిలబడి నువ్వే వరసగా పాతిక పాయింట్లూ కొట్టెయ్. ఎవరూ కదలక్కర్లేదు."

కమిటీ బల్లలు చరిచింది. జట్టుగా ఆడే ఆటని ఒక్కడి చేత ఆడించి మిగతావాళ్లు పదవుల్లో నిలబడే ఈ పద్ధతి ఎక్కడో చూసినట్టుందని పాఠకులకి అనిపిస్తే, అది కేవలం యాదృచ్ఛికం. టైలరు మాత్రం నెల రోజులు దుకాణం షట్టరు మీద సర్వీసులు కొట్టి, షట్టరుకి సొట్టలు పెట్టి, నెట్టు మీద దారం మందం ఎత్తులో దూకి అవతల చటుక్కున వాలిపోయే ఒక సర్వీసు సంపాదించాడు. వాలీబాల్ అంటే అదీ!

పోటీ రోజు వీధంతా వచ్చింది. పాలకేంద్రం ఆడవాళ్లు ఆరుగురూ రోజూ పాలక్యాన్లు ఎత్తి దించే చేతులతో దిగారు. వాళ్లలో అధ్యక్షురాలు ఎవరని బావగారు విచారించారు.

"మాకు అలాంటివాళ్లు లేరండీ. క్యాను ఎవరి దగ్గరుంటే వాళ్లు ఎత్తుతాం," అంది ఒకామె.

ఆయన జాలిపడ్డారు. రిఫరీగా వచ్చిన వ్యాయామ మాస్టారు మన వైపు గళ్లు చూసి, "ఇక్కడ తొక్కుడుబిళ్ల కూడా ఆడతారా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

మొదటి సెట్టులో సర్వీసు వాళ్లది. మనవాళ్లు గళ్లు దాటకుండా, చేతికందని బంతిని కళ్లతో సాగనంపుతూ, గొప్ప నిగ్రహం చూపారు. పొరపాటున నాలుగుసార్లు పాయింటు వచ్చింది. నాలుగుసార్లూ రిఫరీ జరగమన్నాడు, నాలుగుసార్లూ జరగలేదు, తప్పు పడి సర్వీసు వాళ్లకే పోయింది. ఇరవై అయిదు, నాలుగు. ఒక సెట్టు అయిపోయింది. రిఫరీ మైకు దగ్గరికెళ్లాడు.

"రెండో సెట్టులో జరగాల్సినప్పుడు ఒక్కరు జరక్కపోయినా ఆట వదిలేసినట్టు రాసేస్తాను. చెప్పలేదనకండి."

రెండో సెట్టు. సర్వీసు మనది. అంటే టైలరుది.

మొదటి బంతి నెట్టుని రాసుకుంటూ పోయి దబ్బున పడింది. రెండోదీ అంతే. అయిదయ్యేసరికి వీధి నిశ్శబ్దమైపోయింది. పదయ్యేసరికి అరుపులు. "వ్యవస్థాపక కార్యదర్శిగారి మరో అమోఘమైన సర్వీసు!" అని బేకరీ యజమాని గడిలోంచే ప్రచారం సాగించాడు. పదిహేను. ఇరవై. బల్ల మీద రెండేళ్లు కూర్చున్న కుర్రాడు టైలరు చేతుల్లోంచి బయటికొచ్చి గెంతుతున్నాడు. ప్రతి పాయింటుకీ అతను కిందికి చూసుకుంటున్నాడు. కాళ్ల కింద తెల్లటి అక్షరాలు: వ్యవస్థాపక కార్యదర్శి.

ఇరవై మూడు, సున్నా. ఇరవై నాలుగో బంతిని ఒకామె నేల మీద పడి మరీ లేపింది. అది మన వైపు, సరిగ్గా రెండు గళ్ల మధ్య గీత మీద పడింది. అది ఏ శాఖ పరిధిలోకి వస్తుందో తేలక ఎవరూ ముట్టుకోలేదు.

సర్వీసు పోయింది. "ఇక గౌరవంగా ఓడిపోదాం," అన్నారు బావగారు. మరో ఎనిమిది పాయింట్లు గౌరవంగా పోయాయి. అప్పుడు నిచ్చెనకి ఆవలింత వచ్చింది. రెండు చేతులూ పైకి చాచాడు. వస్తున్న బంతి ఆ చేతులకి తగిలి, వెనక్కి పోయి, అవతల ఖాళీలో పడింది.

ఇరవై నాలుగు, తొమ్మిది. సర్వీసు మళ్లీ మనది. ఇంకొక్క పాయింటు వస్తే స్థలం. కాకపోతే, జరగాలి.

"జరగండి," అన్నాడు రిఫరీ.

ఎవరూ కదల్లేదు.

"బావగారూ!" టైలరు చేతులు జోడించాడు. "ఒక్క అడుగండీ. కుడివైపు ఒకే ఒక్క అడుగు!"

"ఒక్క అడుగే బావా. ఎందులోకో చూడు. ఉపాధ్యక్షుడి గడి! దిగజారమంటావా?"

జనంలోంచి టైలరు భార్య లేచింది.

"అన్నయ్యా! ఆఫీసులో ముప్ఫై ఏళ్లూ నీ కుర్చీ ఎందుకు మార్చలేదో, ఏ సెక్షనువాళ్లు మాకొద్దని ఎంత బతిమాలుకున్నారో మైకులో చెప్పమంటావా?"

బావగారు ఒక్క గెంతులో ఉపాధ్యక్షుడి గడిలో ఉన్నారు. అధ్యక్షుడే జరిగాక ఇంకేముంది, మంగలి జరిగాడు, లెక్కల మాస్టారు జరిగాడు, బేకరీ యజమాని జరిగాడు. నిచ్చెన వెనక్కొచ్చి సర్వీసు మూలలో, టైలరు పక్కన నిలబడ్డాడు.

"జరుగు అన్నా, సర్వీసు నాది."

వీధంతా టైలరు వైపు చూసింది. పక్క గడి ఖాళీగా ఉంది. అందులో "సహాయ కార్యదర్శి" అని రాసుంది. టైలరు కాలెత్తాడు. ముప్ఫై ఏళ్లుగా పొద్దస్తమానం మిషను తొక్కిన కాలు. గాల్లోనే ఆగింది.

"ఏమండీ, జరగండి!" అంది భార్య.

"జరుగుతా. కానీ... ఇరవై మూడు పాయింట్లూ ఈ గడిలోంచే కదా వచ్చింది?"

"అన్నా, ఒక్క అడుగే!"

"ఒక్క అడుగే తమ్ముడూ. కానీ క్లబ్బు పెట్టినవాణ్ణి నేను. సహాయం ఎలా అవుతాను?"

ఎత్తిన కాలు దిగింది. ఎక్కడినుంచి లేచిందో అక్కడే దిగింది.

విజిలు మోగింది.

స్థలం రెండు పూటలూ పాలకేంద్రం వాళ్లకి రాసిచ్చారు. మర్నాడే వాళ్లు చీపుర్లు, నీళ్లు తెచ్చి గళ్లు కడిగేశారు. వాళ్లకి ఒక మనిషి తక్కువైతే టైలరు భార్య చేరింది. ఆమెకి చొక్కా కుడుతూ అతను తల ఎత్తకుండా అడిగాడు.

"వెనక ఏం రాయమంటావు?"

"ఏమీ వద్దు. చెమట పీల్చుకుంటే చాలు."

సాయంత్రాలు గోడ అవతల బంతి దబ్‌మన్నప్పుడల్లా ఇవతల మిషను ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాత ఏమీ జరగనట్టే సాగుతుంది. నిజమే, ఏమీ జరగలేదు.

ఆట పీడ వదిలాక క్లబ్బు మూడు పువ్వులూ ఆరు కాయలుగా వర్ధిల్లుతోంది. మంగలి దుకాణం పైన ఆఫీసు తెరిచారు. ఓటమిపై విచారణ సంఘం, దానిపై పర్యవేక్షణ సంఘం ఏర్పడ్డాయి. రెండింటికీ టైలరే వ్యవస్థాపకుడు. ప్రస్తుతం నూట నలభైమంది సభ్యులున్నారు, అందరూ పదాధికారులే.

ఒకే ఒక్క స్థానం ఖాళీ: ఆటగాడు. అర్హత, పిలవగానే పక్కకి జరగడం రావాలి. ప్రకటన అతికించిన వారంలోనే దరఖాస్తులు కట్టలుగా వచ్చాయి. అన్నిట్లోనూ ఒకటే మనవి, "ఆటగాడు" ముందు "ముఖ్య" అని చేర్చవలసిందని. కమిటీ పరిశీలిస్తోంది.

మీదీ అందింది.