ఆరింటి బస్సూ, పట్టేసిన పిక్కా

ఆరింటి బస్సుకి కూతురు అరుణశ్రీని విజయనగరం పంపాలి. ఆ రోజుకి కూర్మమ్మ పెట్టుకున్న పని అదొక్కటే. కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు పరీక్ష. ఎనిమిదిన్నరకి మైదానం గేటు వేసేస్తారు, ఆ తరువాత ఎవరొచ్చినా తీయరు. కూర్మమ్మ పెందలాడే లేచి చోడంబలి, అంటే రాగిజావ, కాచింది గానీ కూతురికి ఇవ్వలేదు. కడుపులో చుక్క ఉన్నా పరిగెత్తేటప్పుడు పేగు మెలిపడుతుందని ఆమె భయం. ముందురోజు మధ్యాహ్నం నుంచీ నీళ్ళబిందె మీద మూత, మూత మీద పొత్రం పెట్టి కాపలా కాసింది.

ఐదున్నరకి బూట్లు కట్టుకుంటున్న అరుణశ్రీ కెవ్వుమని అరుగు మీద కూలబడింది.

"ఏటే, పామేటి?"

"పాము కాదే, పిక్క పట్టేసినాది."

"పచ్చవాతమేటో! మూతి వంకర పోనాదా? ఏదీ, 'అమ్మా' అను."

"అమ్మా, కాసిన్ని నీళ్ళియ్యే!"

"మాట బాగానే వస్తన్నాది. కాలే పోనాది!"

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు, అంటే తల కన్నా ముందు కాళ్ళు బయటికొచ్చినవాళ్ళు, ఒక్క తన్ను తంతే ఎంతటి పట్టయినా వదులుతుందని అక్కడి నమ్మకం. అలాంటివాళ్ళు ఊరికొకరు కూడా దొరకరు. కూర్మమ్మ ఎరిగినవాడు ఒక్కడే, ఆరింటి బస్సు డ్రైవరు ధనరాజు.

బస్సు మలుపు తిరిగేసరికి ఆమె చేతులు చాచి రోడ్డుకి అడ్డంగా నిలబడి ఉంది.

"ధనరాజు బావూ, దిగు! మా గుంటని ఒక్క తన్ను తన్నీసి ఎల్లిపో!"

"తన్నడమేటి? ఏటి సేసినాదా పిల్ల?"

"కాలు పడిపోనాది బావూ!"

ముందు సీట్లవాళ్ళు కాలు పడిపోయిందని విన్నారు. ఆ మాట వెనక సీటు చేరేసరికి కాలు తీసేశారు. చూడకుండా ఎలా ఉంటారు? ధనరాజు వెనకాల బస్సంతా దిగింది. "రెండు నిమిషాలే!" అని అరుస్తూ కండక్టరు జగన్నాధమూ వచ్చాడు.

తీరా వెళ్ళేసరికి అరుణశ్రీ సంచి భుజాన వేసుకుని నిలబడి ఉంది. పొత్రం నేల మీద, ఖాళీ చెంబు అరుగు మీద ఉన్నాయి.

"కాలు సాపి కాలి ఏళ్ళు నా ఏపు లాక్కున్నాను. తగ్గిపోనాది. పదండి!"

"తగ్గినట్టే ఉంటాది, అక్కడ మళ్ళీ పట్టీస్తాది. ఒక్క తన్ను తినీసి ఎల్లు తల్లీ."

"సరే, బేగి తన్నీ మావా," అని అరుణశ్రీ వెనక్కి తిరిగింది.

ధనరాజు సిగ్గుపడుతూ కాలెత్తాడు. ఎత్తిన కాలు దించలేదు. "ఓలమ్మో, నా పిక్క!" అంటూ అరుగు మీద పడ్డాడు.

బస్సుకి మరో డ్రైవరు లేడు. కూర్మమ్మకి విజయనగరంలో గేటు వేస్తున్న చప్పుడు అక్కడికే వినిపించింది. "మీలో ఇంకెవులైనా ఎదురుకాళ్ళోలున్నారా?" అని ప్రయాణికులని అడిగింది.

అరుణశ్రీ సంచి దించి డ్రైవరు పాదం పట్టుకుంది.

"దీవెనలు తరవాత తీసుకోవచ్చమ్మా," అన్నాడు జగన్నాధం.

"మోకాలు మడవకు మావా. ఏళ్ళు నీ ఏపు తోస్తన్నాను, బిగపట్టకు. పొద్దున్నుంచి నీళ్ళు తాగినావా?"

"డ్రైవరు నీళ్ళు తాగితే బస్సు ఎన్నిసోట్ల ఆపాల?"

"నాకూ అదే అయినాది. నెల్రోజులై పరుగు, నిన్నట్నుంచి సుక్క నీళ్ళు లేవు. పిక్క ముడుసుకుపోదేటి?"

ప్రయాణికులు వంగి వంగి చూశారు. "పిక్కలో ఉండ కరుగుతన్నాది సూడండి!" అని ఒక ముసలమ్మ వేలితో పొడిచి మరీ చెప్పింది. కూర్మమ్మ లోపలికెళ్ళి ఉప్పేసిన అంబలి తెచ్చి ధనరాజుకిచ్చింది. అతను సగం తాగాడు. మిగిలిన సగాన్ని ఆమె కాసేపు చూసి, "మెల్లగా తాగు," అని కూతురి చేతిలో పెట్టింది.

ధనరాజు లేచి బస్సు తీశాడు. విజయనగరంలో గేటు మూస్తున్న మనిషి చేతికిందనుంచి అరుణశ్రీ లోపలికి దూరింది. పరుగులో నెగ్గింది కూడా.

"తన్ను తగలకుండానే ఇంత పని సేసినాది. తగిలుంటే ఎస్సైయే అయిపోయేది," అని కూర్మమ్మ ఇప్పటికీ అందరికీ చెబుతుంది.

ధనరాజు ఇప్పటికీ ఆ మలుపులో బస్సు ఆపుతాడు, కానీ నీళ్ళసీసా ఒళ్ళో పెట్టుకుని సీట్లోంచి మాత్రం దిగడు.